బుడగ నిద్రపోయే చోటు

విజయవాడ, వన్ టౌన్
కొండ మీది ఇల్లు
జూన్ మధ్యలో

అన్నయ్యా,

నిన్న ఫోన్లో నువ్వు మాట్లాడిందంతా రాస్తే ఇంతే: "ఆఁ. తిన్నా. ఊఁ. వానలే. ఉంటా మరి." మా తెలుగు మేడమ్ ఒక వాక్యాన్ని విడదీసి చూపించినట్టు నేను ఆ మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. వాటిలో నువ్వు ఎక్కడా దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం.

తప్పు నీది కూడా కాదు. అమ్మ స్పీకర్ పెట్టకుండా ఫోన్ మాట్లాడదు. నువ్వు "తిన్నా" అనగానే పక్క వాటా వాళ్ళు ఏం కూరో అడగమని కేకేస్తారు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చెప్పుకుంటారు? కాగితానికి స్పీకర్ లేదు. నువ్వు జవాబు మా కాలేజీ అడ్రసుకి రాయి, కింద ఇస్తున్నాను. నేను తప్ప ఎవరూ చదవరు.

నేను డిగ్రీలో చేరాను, తెలుగు తీసుకున్నాను. "తెలుగు మనకి వచ్చుగా, మళ్ళీ చదవడమేంటే" అంది అమ్మ. నాకూ వచ్చనే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే రోజూ నోట్లో తిరిగే మాటలే కొత్తగా కనపడుతున్నాయి. మనింటి సామాను ఎవరో ఎండలో పెట్టి తుడిచినట్టుంది.

నువ్వు ఆ రొయ్యల చెరువుల పని మానేసి వచ్చేస్తున్నావని విన్నప్పటి నుంచి అమ్మ కాలు నిలవడం లేదు. ఎండు చేపల కొట్టుకి నువ్వు తోడుంటావని, సరుకు తేవడానికి ఒక ఆటో తీసుకోవచ్చని లెక్కలేస్తోంది. కిటికీ పక్కన మంచం వేసింది. ఈ ఇల్లు మూడేళ్ళ కిందట ఎందుకు తీసుకుందో నీకు తెలుసుగా. కింద మార్కెట్లో తోపుడు బళ్ళూ లారీలూ ఎంత అరిచినా, ఇన్ని మెట్లెక్కేసరికి ఆ అరుపులు ఆయాసపడి ఆగిపోతాయి. "పిల్లాడు మిషన్ల మోతలో పడుంటున్నాడు, వచ్చినప్పుడైనా ప్రశాంతంగా పడుకోవాలి" అని వెతికి వెతికి తీసుకుంది.

నువ్వు రెండేళ్ళ కిందట వేసవిలో వచ్చి, మూడో రోజు పొద్దున్నే వెళ్ళిపోయావు. ఎందుకని నేను అడగడం లేదు. అమ్మ మాత్రం తనలో తను అడుగుతూనే ఉంది.

ఈసారి ఉంటావా?

నీ చెల్లి,
నాగలక్ష్మి


బాలాసోర్ దగ్గర, చెరువు గట్టు
జూన్ ఆఖరు

నాగూ,

ఉత్తరం రాయడం నాకు చేతకాదు. స్కూల్లో సెలవు చీటీ రాశాక మళ్ళీ ఇదే. తప్పులుంటే మీ మేడమ్‌కి చూపించకు.

రొయ్యలు పట్టేశాం. మా ఓనరు చెరువులు వదిలేస్తున్నాడు. వస్తాను. కానీ రైల్లో కాదు, బండి మీద. నాన్న పోయాక నేను తెచ్చుకున్న ఆ పాత బండే. ఎందుకంటే నాతో బుడగ ఉంది.

బుడగ మా కుక్క. పిల్లి కంటే కొంచెం పెద్దది. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మాత్రం గోధుమ రంగు. జనరేటర్ షెడ్డులో పుట్టింది. దాన్ని రైల్లో తేవాలంటే బోనులో పెట్టి గార్డు పెట్టెలో వెయ్యాలంట. నాకు మనసొప్పలేదు.

ఒక చిక్కుంది. నీకు చెప్తాను. రొయ్యలకి నీళ్ళలో గాలి కలవాలి. అందుకని చెరువులో చక్రాలు తిరుగుతూ నీళ్ళని కొడుతూ ఉంటాయి, పగలూ రాత్రీ. వాటిని ఏరియేటర్లంటారు. కరెంటు పోతే అవి ఆగుతాయి. అప్పుడు వెంటనే లేచి జనరేటర్ వెయ్యాలి. లేవకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. కాబట్టి ఇక్కడ అందరికీ తిరగేసి అలవాటు. మోత ఉంటే నిద్ర, మోత ఆగితే మెలకువ. బుడగ పుట్టింది మొదలు అందులోనే పెరిగింది. నిశ్శబ్దంగా ఉన్న చోట దానికి నిద్ర పట్టదు. కన్ను మూస్తుంది, ఉలిక్కిపడి లేస్తుంది, గట్టు చివరిదాకా పరిగెత్తి చూసొస్తుంది. మళ్ళీ అదే.

బండి స్టార్ట్ చేస్తే మాత్రం హాయిగా పడుకుంటుంది. మేత గోతం కత్తిరించి దానికో సంచి కుట్టాను.

కొండ మీది ఇల్లు దానికి పడుతుందో లేదో అని ఆలోచిస్తున్నా. ఈ సంగతి అమ్మకి చెప్పకు.

ఇచ్ఛాపురంలో పవన్‌కుమార్ అని నా స్నేహితుడున్నాడు. అక్కడ కొన్నాళ్ళు ఆగుతాను. నీ జవాబు అక్కడికి రాయి.

మణి


విజయవాడ
జూలై మొదట్లో

అన్నయ్యా,

నీ ఉత్తరాన్ని మెట్ల మీద కూర్చుని చదివాను, లేచి నిలబడి ఒకసారి చదివాను. రాయడం చేతకాదన్నావు గానీ, గట్టు చివరిదాకా పరిగెత్తి చూసొచ్చే కుక్కపిల్ల నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

ఒక్కటి చెప్పు. ఆ ఏరియేటర్లు చేసే దానికి ఏ మాట సరిపోతుంది? నేను క్లాసులో కూర్చుని వెతికాను. రొద అందామంటే అందులో విసుగుంది. హోరంటే గాలి వచ్చేస్తుంది. ఘోష అనగానే సముద్రం వచ్చి కూర్చుంటుంది. నువ్వు మోత అన్నావు. మోతలో బరువుంది, మొయ్యడంలాగ. నువ్వు విన్నది ఏది?

అమ్మకి కుక్క వస్తోందని చెప్పాను, నిద్ర సంగతి చెప్పలేదు. "చిన్నదేగా" అని రెండుసార్లు అడిగింది. తర్వాత పాత బేసిన్ ఒకటి తోమి ఎండలో పెట్టింది, దాని అన్నానికంట. ఇంటాయన తిరుపతిరావు గారిని కూడా అడిగాను. "అరవకపోతే ఉండనివ్వమ్మా, అరిస్తే మాత్రం నా వల్ల కాదు" అన్నారు. సద్దు లేకపోతే లేచి పరిగెత్తే కుక్క అరవకుండా ఎలా ఉంటుంది? ఆలోచించాలి. నువ్వు బాధపడకు, అది నా పని.

దారి గురించి రాయి. బాగున్నాను, తిన్నాను అని కాదు. చూసినవి.

నాగలక్ష్మి


ఇచ్ఛాపురం, పవన్‌కుమార్ చెరువుల దగ్గర
జూలై

నాగూ,

చేరాం. నేను, బుడగ, బండి. పవన్‌కుమార్, వాళ్ళావిడ సాయిశ్రీ వానలు తగ్గేదాకా కదలొద్దంటున్నారు. పవన్‌కి చెరువు పనిలో సాయం చేస్తున్నా.

ఏ మాట సరిపోతుందని అడిగావు. నాకు మాటలు తెలియవు. ఆగని వాన అనుకో. పైనుంచి కాకుండా కిందనుంచి పైకి కురిసే వాన.

దారి గురించి అడిగావుగా. వెనక పరుపు చుట్ట, స్టవ్వు, గిన్నెల గోతం, గొడుగు. ముందు నా మెళ్ళో సంచి, సంచిలో బుడగ, తల మాత్రం బయటికి. గాలికి దాని చెవులు వెనక్కి పడిపోతాయి. కళ్ళు సగం మూసుకుంటుంది. నేను గేరు మార్చినప్పుడల్లా నా రొమ్ముకి ఆనుకుని ఒకసారి సర్దుకుంటుంది.

మహానది వంతెన మీద సన్నటి తుంపర. అవతలి ఒడ్డు కనపడలేదు. కింద నీళ్ళు, పైన నీళ్ళు, మధ్యలో మేము. కాసేపటికి వంతెన కదులుతోందా, మేం కదులుతున్నామా తెలియలేదు. ఇలాగే పోతూ ఉంటే బాగుండును, ఎక్కడికీ చేరకుండా, అనిపించింది. బండి ఆగితే కదా లేవాల్సింది.

చిలికా దగ్గర టీ కొట్టు ఆవిడ సంచిలో పసిబిడ్డ ఉందనుకుంది. వానలో బిడ్డనేసుకుని తిరుగుతావా అని ఒరియాలో చెడామడా తిట్టి, పాలు కాచి తెచ్చింది. అప్పుడు బుడగ తల బయటపెట్టింది. ఆవిడ అంత పెద్ద నోరు తెరిచి నవ్వింది. పాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. చల్లార్చి తాగించింది.

భద్రక్‌లో, మహానది రాకముందు, లాడ్జిలో దిగాం. మంచి గది, వెనకవైపు. ఎక్కడా చప్పుడు లేదు. కుదరలేదు. గది వదిలేసి వీధి చివర బియ్యం మిల్లు ఉంటే, వాచ్‌మన్‌ని అడిగి దాని అరుగు మీద పరుపు పరిచాం. మిల్లు ఆడుతున్నంతసేపూ నిద్రే నిద్ర. బుడగ కోసమని చెప్తే వాచ్‌మన్ నా వంక అదోలా చూశాడు.

ఇక్కడ బాగుంది. షెడ్డు బయటే చక్రాలు తిరుగుతుంటాయి.

మణి


విజయవాడ
ఆగస్టు

అన్నయ్యా,

నేను ఇల్లు వెతుకుతున్నాను. అమ్మకి తెలియదు. కాలేజీ నుంచి వచ్చే దారిలో టు-లెట్ బోర్డు కనపడితే చాలు, ఎక్కి అడుగుతున్నాను.

నిన్న ఒకాయన ఇల్లు చూపిస్తుంటే అడిగాను, ఇక్కడ చప్పుడేమైనా ఉంటుందాండీ అని.

"అబ్బే, అస్సలుండదమ్మా. పక్కగదిలో పేజీ తిప్పినా వినపడుద్ది" అన్నాడు.

"అయితే వద్దులెండి" అన్నాను.

ఆయన నేను మెట్లు దిగిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు.

పిండి మిల్లు మీద ఒక వాటా ఉంది. బ్రహ్మాండమైన మోత, మాట వినపడలేదు. సంబరంగా ఇంకేం అనుకున్నాను. కానీ సాయంత్రానికి కట్టేస్తారంట. చెక్క కోసే మిల్లుకి ఆదివారం సెలవు. పెళ్ళి శుభలేఖలు వేసే ప్రెస్సు వెనక ఇంకోటి చూశాను, మూఢం వస్తే వాళ్ళకి పనుండదు. వన్ టౌన్ అంత గోల ఇంకెక్కడా ఉండదని అందరూ అంటారు కదా. తీరా వెతికితే ఈ గోలంతా ముక్కలు ముక్కలుగా ఉంది. ఆగకుండా ఉండేది ఒక్కటీ లేదు. చప్పుడు కూడా అలిసిపోతుందని నాకిప్పుడే తెలిసింది.

అమ్మకి అనుమానం వచ్చింది. కాళ్ళకి ఆ పిండేంటే అని అడిగింది.

కిందనుంచి పైకి కురిసే వాన అన్న నీ మాట మేడమ్‌కి చెప్పాను, మా అన్నయ్యదని చెప్పే చెప్పాను. ఆవిడ ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నారు.

వానలు తగ్గాయిగా. బయల్దేరు.

నాగలక్ష్మి


కొవ్వూరు, గోదావరి గట్టు
ఆగస్టు ఆఖరు

నాగూ,

బయల్దేరాం. సాయిశ్రీ దారికి పులిహోర కట్టిచ్చింది. బుడగకి తన పాత చీర ముక్కతో సంచికి లోపల మెత్త కుట్టింది. అది ఇప్పుడు మహారాణిలా కూర్చుంటోంది.

శ్రీకాకుళం దాటాక మన మాట వినపడింది. పెట్రోల్ బంకు కుర్రాడు "ఏ ఊరన్నా" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఎవరో నా చొక్కా గుండీ సర్దినట్టనిపించింది. తునిలో లాడ్జివాళ్ళు కుక్కని రానివ్వరేమో అనుకున్నా గానీ రానిచ్చారు. గది ఊరికి దూరం. నేను మాటిమాటికీ లేచి కూర్చుంటుంటే బుడగ ఒక కన్ను తెరిచి చూసింది, మళ్ళీ మూసింది. పొద్దున్నే కదిలాం.

ఇక్కడ గోదావరి రైలు వంతెన కింద గట్టు మీద మధ్యాహ్నం ఆగాం. చెట్టు నీడ, నీళ్ళ మీంచి గాలి. రైలు వచ్చినప్పుడల్లా వంతెన మొత్తం మోగుతుంది. ఆ మోగినంతసేపూ కునుకు పట్టింది. నీకో వింత చెప్పనా. రైలు వచ్చినప్పుడు కల మొదలయ్యేది, రైలు వెళ్ళిపోగానే ఆగిపోయేది. తర్వాతి రైలుకి అదే కల, ఆగిన చోటు నుంచి. కలలో కొల్లేరు. నాన్న దోనె తోస్తున్నాడు. నువ్వు పసిదానివి, అమ్మ ఒళ్ళో ఉన్నావు. దోనె పక్కకి నీళ్ళు తడుతున్నాయి. నాన్న ఏదో చెప్పబోతున్నాడు. మూడు రైళ్ళు వెళ్ళాయి గానీ ఆయన చెప్పడం పూర్తి కాలేదు. నాలుగోది వస్తుందని చూశాను. ఆ దారిన ఏదీ రాలేదు.

భీమవరం మీదుగా కైకలూరు వెళ్తా. నాగులు మావయ్యని చూసి ఇంటికొస్తా. అక్కడికి రాయి.

మణి


విజయవాడ
సెప్టెంబరు మధ్యలో

అన్నయ్యా,

కైకలూరు చేరావని మావయ్య అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. ఇంకెంత, గుడివాడ, కంకిపాడు, ఆపైన మేమే. పొద్దున బయల్దేరితే అన్నానికి ఇంట్లో ఉంటావు. అమ్మ రోజూ మెట్ల మీదికొచ్చి కిందికి చూస్తోంది. నువ్వు రావడం లేదు.

నిన్న తను చేప తోముతూ తోముతూ ఆగి అడిగింది. "ఆ రోజు పులుసులో ఉప్పెక్కువైంది. అందుకే వెళ్ళిపోయాడంటావా?"

ఉప్పుకి ఎవరైనా ఇల్లొదిలి పోతారా అమ్మా అన్నాను.

"మరి నేనేమన్నాను వాణ్ణి? ఒక్క మాట కూడా అన్లేదే. చప్పుడవుతుందని గిన్నెలు కూడా మెల్లగా పెట్టాను. నువ్వు గట్టిగా చదువుతుంటే నోరు మూయించాను. ఫ్యాను కిర్రుమంటోందని ఆపేసి విసనకర్రతో విసిరాను" అంది.

తను మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

నీ బెంగ బుడగ గురించే అయితే ఒక ఉపాయముంది. దసరాలకి రా. కొండ మీద అమ్మవారికి తొమ్మిది రోజులూ మైకులు మోగుతూనే ఉంటాయి, తప్పిపోయిన వాళ్ళ పేర్లు పిలుస్తూనే ఉంటారు. ఆ మోతలో మీ మహారాణి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంది. తర్వాత సంగతి తర్వాత చూద్దాం.

నాగలక్ష్మి


కైకలూరు
సెప్టెంబరు చివర

నాగూ,

ఇది చదివి కోప్పడకు.

మావయ్య ఎరిగిన ఒకాయనకి ఇక్కడ రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద కాపలాకి మనిషి కావాలన్నాడు. సరేనన్నాను. మన కొల్లేరే కదా. అమ్మకి దగ్గరే ఉన్నట్టుంటుంది. నెలకోసారి వచ్చి వెళ్తాను. పగటిపూట.

బుడగని ఇక్కడ ఉంచుకోవడానికి లేదు. కుక్కలు ఒక చెరువులో దిగి ఇంకో చెరువులో దిగితే రోగాలు అంటుకుంటాయని ఓనరు ఒప్పుకోలేదు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకని మావయ్య సరుకు వ్యానులో మీ దగ్గరికి పంపుతున్నా. నువ్వన్నట్టు దసరా మైకుల్లో దానికి ఇబ్బంది ఉండదు. తర్వాత ఫ్యానో రేడియోనో పెట్టి ఉంచు.

సంచిలోనే కూర్చోబెట్టి పంపాను. వ్యాను కదిలేదాకా తల బయటపెట్టి నన్నే చూసింది. కదిలాక ఎప్పట్లాగే కళ్ళు మూసుకుంది. మంచిదైంది.

ఇంత దూరం ఇద్దరం వచ్చాం. ఆఖరి కాస్త దూరం అదొక్కతే వెళ్ళింది.

అమ్మకి నువ్వే చెప్పు. పులుసు బాగుందని కూడా చెప్పు. అంత మంచి పులుసు నేనెక్కడా తినలేదు.

మణి


విజయవాడ
దసరా వెళ్ళాక

అన్నయ్యా,

బుడగ గురించి రాస్తున్నాను. పూర్తిగా చదువు.

పండగ రోజులన్నీ అది మైకుల మోతలో నిద్రపోయింది. నువ్వు చెప్పినట్టే అనుకున్నాను. దసరా అయిపోయింది. మైకులు విప్పుకుని పోయారు. నేను రేడియో పక్కన పెట్టుకుని, దాని ముందు కూర్చుని చూశాను. ఆ మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. రేడియో ఆగింది, ఫ్యాన్ ఆగింది. కొండంతా సద్దుమణిగింది. అమ్మ చెవి దుద్దు కదిలితే వినపడేంత నిశ్శబ్దం.

బుడగ వెల్లకిలా తిరిగి, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి, గుర్రు పెట్టింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఆదివారం కింద హోల్‌సేల్ మార్కెట్ కట్టేసిన వేళ కూడా. నేను చప్పట్లు కొట్టి లేపాల్సొచ్చింది, అన్నం తినమని.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. తునిలో లేచి కూర్చున్నది ఎవరు? ఒక కన్ను తెరిచి చూసి పడుకున్నది ఎవరు? గోదావరి గట్టున రైలుకో ముక్క కల కన్నది బుడగ కాదు కదా. దానికి కలలో నాన్న ఎలా వస్తాడు, అది ఆయన్ని చూడనే లేదు.

గట్టు చివరిదాకా పరిగెత్తి చూసొచ్చేది నువ్వు.

అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పాను. ఇంకా ఉప్పు గురించే ఆలోచిస్తుంటే చూడలేకపోయాను.

తను డాబా మీద మెత్తళ్ళు ఏరుతోంది. నేను చెప్పినంతసేపూ చెయ్యి ఆపలేదు. అయ్యాక అడిగింది.

"మరి ఈ ఇల్లు ఎవరి కోసం తీసుకున్నానే నేను?"

"అన్నయ్య కోసమే."

"వాడికేమో మోత కావాలా?"

"ఊఁ."

చాలాసేపు చేపలు ఏరింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కొల్లేట్లోంచి ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ అంతే. కప్పలు అరవకపోతే నిద్ర పట్టేది కాదు. మీ నాన్న నా పక్కన కూర్చుని కప్పలా అరిచేవాడు, నేను పడుకునేదాకా" అంది. అన్నయ్యా, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నీకు తెలుసా?

అంతలోనే చాట పక్కన పడేసి లేచింది. "ముందే చెప్పి చావచ్చుగా వెధవ. మూడేళ్ళ నుంచి ఈ మెట్లెక్కి నా మోకాళ్ళు అరిగిపోయాయి."

చెప్పులేసుకుని దిగి నేరుగా ఎక్కడికెళ్ళిందనుకున్నావు? చేపల మార్కెట్ వెనక ఐస్ ఫ్యాక్టరీకి. నేను ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగాను గానీ, తను రోజూ కొట్టుకి వెళ్ళే దారిలోనే ఉన్న ఈ చోటు నాకు తట్టనే లేదు. ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని తెరేసమ్మ గారిల్లు ఉంది. అందులో సగం ఎప్పటి నుంచో ఖాళీ, ఎవరూ చేరరు. ఆవిడే అమ్మని పేరు పెట్టి పిలిచి వద్దంది. "గోడ వణుకుద్ది పెద్దింట్లమ్మా. గిన్నెలు వాటంతటవే జరుగుతాయి. రెండు నెలలు కూడా ఉండలేరు" అని చెప్పింది.

అమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. జ్వరం చూసినట్టు. తర్వాత అడిగింది, "ఆదివారం ఆపుతారా?"

"ఆదివారమే కదా చేపలెక్కువ. దానికి సెలవెక్కడిది" అంది తెరేసమ్మ గారు.

"అయితే మాకిచ్చెయ్" అంది అమ్మ.

సామాను దింపేశాం. నువ్వు మాత్రం మిగిలావు.

నాగలక్ష్మి


కైకలూరు
అక్టోబరు

నాగూ,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని చదివాను. చక్రాలు తిరుగుతున్నాయి.

అవును.

బాలాసోర్ గట్టు మీద ఉన్నన్నాళ్ళూ నా చెరువు ఒక్కటీ పోలేదు. ఓనరు అందరికీ చెప్పుకునేవాడు, మణి ఉంటే నేను నిశ్చింతగా పడుకుంటా అని. నాకూ గొప్పగా ఉండేది. ఆయన నిద్ర కూడా నేనే కాస్తున్నానని. పని అయిపోతే, మోత ఆగిందేమోనని వింటూ ఉండే ఆ చెవి మూసుకుంటుందనుకున్నా. మూసుకోలేదు. ఆ వేసవిలో అమ్మ గిన్నె మెల్లగా పెట్టిన ప్రతిసారీ, ఏదో ఆగిపోయింది, నేను లేవాలి అనిపించేది. అమ్మ నా కోసం అంత నిశ్శబ్దం చేసి పెట్టింది. అందులో ఉండలేనని ఎలా చెప్పను? కుక్క మీద పెట్టి చెప్పడం తేలికైంది.

నాన్న కప్పలా అరిచేవాడు. నాకు తెలుసు. నేను దుప్పట్లో నవ్వుకునేవాణ్ణి. మర్చేపోయాను.

ఇక్కడ వేరే మనిషిని చూసుకోమన్నా. మనిషి రాగానే వస్తా. బండి మీదే వస్తా. బుడగని సంచితో సహా కంకిపాడు దాకా తీసుకురా, నాగులు మావయ్య వ్యానులో. ఆ ఆఖరి దూరం ఇద్దరం కలిసి వస్తాం.

మణి


విజయవాడ, వన్ టౌన్
ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్క ఇల్లు
నవంబరు, మధ్యాహ్నం

అన్నయ్యా,

పక్క గదిలో ఉన్న నీకు ఉత్తరమేంటని నవ్వుకుంటావు. నువ్వు నిద్రపోతున్నావు, లేపడం ఇష్టం లేక రాస్తున్నాను. నీ హెల్మెట్లో పెడతాను, లేచాక చదువుకో.

ఈ ఇంటికొచ్చాక నేను రాసే అక్షరాలన్నీ కొంచెం వణుకుతున్నాయి, బల్ల గోడకి ఆనుకుని ఉంది కదా. గ్లాసులో నీళ్ళ మీద ఎప్పుడూ వలయాలే. తెరేసమ్మ గారు అన్నట్టు గిన్నెలు జరుగుతున్నాయి, అమ్మ వాటిని ఎక్కడిదాకా పోతారే అని పలకరిస్తోంది. నువ్వు వచ్చి నెల కావస్తోంది. ఎప్పుడూ లేనిది, నిన్ను అన్నానికి లేపాల్సి వస్తోంది. బుడగనీ నిన్నూ ఒకేసారి.

ఇందాక ఫ్యాక్టరీ ఆగిపోయింది.

పైపు ఏదో పగిలిందంట, బాగు చెయ్యడానికి కట్టేశారు. ముందుగా ఎవరూ చెప్పలేదు. గోడ ఒక్కసారి చచ్చుబడింది. గ్లాసులో నీళ్ళు నున్నగా అయిపోయాయి. నేను చదువుతూ చదువుతూ కునుకు తీస్తున్నాను. ఉలిక్కిపడి లేచింది నేను. పరిగెత్తుకుంటూ నీ గదికొచ్చాను.

బుడగ నీ పొట్ట పక్కన ముడుచుకుని ఉంది, దాని మీద నీ చెయ్యి. నీ కళ్ళు మూసే ఉన్నాయి. కానీ కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. వేళ్ళు కదిలాయి. లేవబోతున్నావు. నేను పోగేసుకున్న మాటల్లో ఏదీ ఆ క్షణానికి పనికి రాలేదు.

అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, నిన్ను చూసింది. గరిటె నా చేతికిచ్చి, నీ తల దగ్గర గడప మీద చతికిలబడింది. ఒక్కసారి గొంతు సవరించుకుని, చాలా మెల్లగా, బెకబెకమంది.

ఆపి చూసింది. మళ్ళీ బెకబెకమంది. ఈసారి కొంచెం బొంగురుగా, పెద్ద కప్పలాగ.

నీ కనుబొమ్మలు విడిపోయాయి. నిద్రలోనే నవ్వావు. పక్కకి తిరిగి పడుకున్నావు.

నేనీ కాగితం తీసుకుని గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాను. రాస్తుండగానే అక్షరాలు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి. ఫ్యాక్టరీ వేశారు. గోడ మోగుతోంది.

అమ్మ ఇంకా ఆపలేదు.

నాగలక్ష్మి